సగం తెరిచిన జిప్పు

అడుగున ఉన్ని స్వెట్టరు పెట్టాను. దాని మీద వేడినీళ్ళ ఫ్లాస్కు అడ్డంగా, అది దొర్లకుండా చెరోపక్క ఒక్కో జత మేజోళ్ళు. డిసెంబరంటే మాకు నడివేసవి, ఆ ఎండల్లో మేజోళ్ళెందుకని బెలేన్ నవ్వింది. మ్యాచ్ జరిగే కొలోనియా నది ఒడ్డునుంది, అక్కడ పొద్దు వాలేసరికి నది మీంచి గాలి కొడుతుంది, ఆ గాలి ఎలా ఉంటుందో నా మనవరాలికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు. మేజోళ్ళ మీద రొట్టెల మధ్య పెట్టిన మాంసం వేపుడు, గుడ్డలో చుట్టి, దాని పక్కన మెంబ్రీయో పళ్ళ గుజ్జు కాచి గట్టిపరిచిన మిఠాయి, ఒక పలక కోసి కాగితంలో మడిచి, వేడినీళ్ళు పోసుకుని తాగే మాతే ఆకు పొట్లం, ఎండకి టోపీ, లోపలి జేబులో గుర్తింపు కార్డు. కార్డు ఉందో లేదో తడిమి చూశాను, ఉంది, మళ్ళీ తడిమి చూశాను. నేను మ్యాచ్‌కి వెళ్తున్నానా కాపురానికి వెళ్తున్నానా అమ్మమ్మా అంది బెలేన్, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటూ. అన్నిటికంటే పైన మా క్లబ్బు జెండా, ఇటుక రంగు మీద తెల్ల చార, అది ఎప్పుడూ పట్టదు, మోకాలితో నొక్కాను. వీధిలో ఎల్బియో బస్సు హారన్ మోగుతూనే ఉంది. ఎల్బియో కిటికీలోంచి తల బయటపెట్టి, దోన్యా నేలిదా, పిల్లని పంపిస్తారా, బస్సునే మీ ఇంట్లోకి తోలమంటారా అని అరిచాడు. బెలేన్ సంచి భుజాన వేసుకుని నా చెంప మీద ముద్దు పెట్టి పరుగెత్తింది. బస్సు వాలు దిగి, మూసేసిన మాంసం ఫ్యాక్టరీ గోడ పక్కన మలుపు తిరిగి, అఖాతం వైపు వెళ్ళిపోయింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటూ చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. చేతులకి తడి లేదు.

వంటింట్లోకి వచ్చి కుర్చీ జరుపుతుండగా ఆ చప్పుడు చెవిలో మళ్ళీ వినపడింది, సన్నగా, ఒక్క గుక్కలో చివరికంటా సాగిన చప్పుడు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఆ చిన్న ఇత్తడి ముక్క ఇంకా ఉన్నట్టే అనిపించింది. జిప్పు. నేను జిప్పు మూసేశాను. ఈ కొండ మీది పేట మొత్తంలో ఏ పసిపిల్లని అడిగినా చెబుతుంది బెలేన్ సంచి జిప్పు మూయకూడదని, ఆ మాట మొదలుపెట్టినదాన్ని నేనే, మూసినదాన్ని నేనే.

మార్చిలో మొదలైంది అది. మా సలదేరో ఫుట్‌బాల్ క్లబ్బు అప్పటికి ఆడిన మ్యాచులన్నీ ఓడిపోయింది, ఒక మ్యాచ్‌లో అయితే మా డిఫెండరే మా గోల్‌లోకి కొట్టి, చప్పట్లు కొడతారేమో అన్నట్టు చుట్టూ చూశాడు. ఆ వారం ఊరు దాటి వెళ్ళి ఆడాలి. జెండా కుక్కుతుంటే జిప్పు పళ్ళు సగంలో ఇరుక్కుపోయాయి, ముందుకీ రాదు వెనక్కీ రాదు, బెలేన్ ఏడుపుమొహం పెట్టింది, పోనీలే అలాగే పో, జెండా కొసని బయట ఎగరనీ అన్నాను. ఆ రోజు గెలిచారు. తర్వాతి వారం మిర్తా, నా కూతురు, ఆసుపత్రిలో డ్యూటీ దిగి వస్తూ సబ్బు రాసి ఆ జిప్పుని బాగుచేసి పెట్టింది, పాపం దానికేం తెలుసు, సొంత మైదానంలోనే ఓడిపోయారు. ఆ తర్వాత ఇంక ఎవరూ దాన్ని పూర్తిగా మూయలేదు. సగం వరకు లాగడం, ఆపడం, జెండా కొస బయటికి తీయడం. బస్సు కదిలే ముందు ఎల్బియో వెనక్కి తిరిగి, జిప్పు ఎలా ఉంది అని అడుగుతాడు, అందరూ కలిసి, తెరిచే ఉంది అంటారు, అప్పుడుగానీ ఇంజను స్టార్ట్ చేయడు. ఈ ఒక్క రోజే అడగలేదు. ఆఖరి మ్యాచ్ అని జనం నిలబడి కూడా ఎక్కారు, డోలు వాయించేవాళ్ళు ముందు మెట్టు మీదే కూర్చున్నారు, ఆ గోలలో అడగడం మర్చిపోయాడు. మా జట్టు ఓడిపోకుండా ఉంటే చాలు, డ్రా చేసినా పైడివిజన్‌లో ఉంటుంది. ఓడితే కిందికి. కిందికి పోయిన క్లబ్బులు ఏమవుతాయో చూశాను, మొదట జూనియర్ జట్లు మూసేస్తారు, తర్వాత లైబ్రరీ గదిని గోడౌన్‌కి అద్దెకిస్తారు, తర్వాత మైదానంలో గుర్రాలు మేస్తాయి.

మ్యాచ్ జరిగేటప్పుడు నేను వినను. అది కూడా ఒక నియమమే, జిప్పు కంటే పాతది. పెరట్లో ద్రాక్ష పందిరి కింద చిక్కుడుకాయల గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను, రేడియో లోపల దుప్పటి కింద ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది కానీ తెర లోపలివైపుకి తిప్పి. గోడ అవతల వితాస్ వింటాడు. వితాస్‌కి డెబ్బై దాటాయి, వాళ్ళ నాన్న లిథువేనియా నుంచి ఓడ దిగి తిన్నగా ఈ కొండెక్కి ఫ్యాక్టరీలో కత్తి పట్టాడు, వితాస్ కూడా అక్కడే పనిచేశాడు, నేను డబ్బాలకి చీటీలు అంటించిన షెడ్డుకి ఎదురుగా. మా ఇద్దరికీ ఒప్పందం ఉంది. మనవాళ్ళు గోల్ కొడితే చెప్పు తీసి గోడ మీద ఒక్క దెబ్బ. అవతలివాళ్ళు కొడితే ఏమీ లేదు, నిశ్శబ్దం. ఆ ఒప్పందంలో ఉన్న లోపం ఇన్నేళ్ళలో నాకు అర్థం కాకపోలేదు, నిశ్శబ్దంలోనూ రకాలుంటాయి. ఏమీ జరగని నిశ్శబ్దంలో వితాస్ దగ్గుతాడు, కుర్చీ కిర్రుమంటుంది, మాతే పీల్చే గొట్టం చివర నీళ్ళు గురగురలాడతాయి. ఇందాకటి నుంచి గోడ అవతల దగ్గు లేదు. కుర్చీ లేదు. కొండ మీది కుక్కలు కూడా మొరగడం లేదని అనిపిస్తోంది, అది నా భయం, కుక్కలు మామూలుగానే ఉండి ఉంటాయి.

ఒక కాయ చీల్చడం, గింజలు గిన్నెలో వేయడం, తొక్క గంపలో వేయడం. వేళ్ళకి పని ఉంటే మనసు తన దారిన పోతుంది. మే నెలలో వానలు పడి మైదానం చెరువైంది, పేట ఆడవాళ్ళమంతా క్లబ్బు వంటగదిలో చేరి కొవ్వులో పూరీలు వేయించాం, వాన పడితే ఈ దేశంలో ఎవరికైనా ఆ పూరీలు తినాలనిపిస్తుంది, వాటి మీద వచ్చిన డబ్బుతో మట్టి తోలించారు. నా పక్కన పిండి పిసికినావిడ కీచో వాళ్ళమ్మ. కీచో అప్పటికే గోల్స్ కొడుతున్నాడు, సన్నగా వెదురుబద్దలా ఉంటాడు, ఎడమకాలితో మాత్రమే ఆలోచిస్తాడని వితాస్ అంటాడు. వాడి పేరు పాడుతూ బెలేన్ గొంతు పోగొట్టుకుని వారంపాటు సైగలతో మాట్లాడింది. జూలైలో మెక్సికో క్లబ్బు నుంచి ఎవరో వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. పంపించే రోజు వీధికి అడ్డంగా బల్లలు వేసి పక్కటెముకలు కాల్చారు, ముసలివాళ్ళు తాగి పాడారు, నేను మెంబ్రీయో మిఠాయి డబ్బా ఒకటి వాడి చేతికిచ్చి, అక్కడ దొరకదు నాయనా అన్నాను, అక్కడ ఏం దొరుకుతుందో నాకేం తెలుసు. వాడు సంచి భుజాన వేసుకుని కారెక్కుతుంటే నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఎవరు బయలుదేరినా ఆ ఆఖరి క్షణంలో నాకు వంటింట్లో ఏదో పని ఉంటుంది. నేలిదాకి వీడ్కోలు చెప్పాలంటే పొయ్యి దగ్గరికి పోవాలని మా పేటలో హాస్యమాడతారు. కీచో వాళ్ళమ్మ వాడి పాత జెర్సీని ఇప్పటికీ ఉతికి ఆరేస్తుంది, దండెం మీద ఆ తొమ్మిదో నంబరు గాలికి కొట్టుకుంటూ ఉంటే, పెట్టెలో దాచుకోరాదూ అని అడగబోయి ఊరుకున్నాను. వాడు వెళ్ళాక ఆగస్టంతా గోల్ లేదు. కోచ్ బళ్ళో వ్యాయామం నేర్పే మాస్టారు, కళ్ళద్దాలాయన, క్లబ్బు మెట్ల మీద కూర్చుని తల పట్టుకుని ఉంటే చూశాను, ఒక కప్పు మాతే ఇచ్చాను, ఆయన తాగాడు. సెప్టెంబరులో మా గోల్‌కీపర్ వేలు విరిగిన చేత్తో పెనాల్టీ ఆపాడు, అక్కణ్ణుంచి మళ్ళీ ఊపిరి వచ్చింది, బయటి ఊళ్ళలోనే ఎక్కువ గెలిచారు, ప్రతిసారీ జెండా కొస బయట ఎగురుతూనే ఉంది.

కొలోనియాకి మాత్రం ఈ ఏడాది వెళ్ళలేదు. సీజన్ మొదటి సగంలో ఆ ఊరి జట్టే మా దగ్గరికి వచ్చింది. పొద్దున బెలేన్ పళ్ళు తోముకుంటూ, కొలోనియాలో స్టీమర్లు చూడొచ్చా అమ్మమ్మా, అవతలి ఒడ్డు కనపడుతుందా అని అడిగింది. కనపడదు అన్నాను. చాలా వెడల్పు అన్నాను. ఆ తర్వాతే సంచి సర్దాను. నా చేతులు ఏ సంచి సర్దాయో నాకిప్పుడు తెలుస్తోంది, స్టీమరులో సామాను ఒకదాని మీద ఒకటి పడేస్తారు, మూత గట్టిగా ఉండాలి, ఏదీ జారిపోకూడదు, చేతులకి ఇవన్నీ గుర్తున్నాయి.

పెరటి వెనక తలుపు చప్పుడైంది. హాఫ్‌టైమ్‌లో వితాస్ వేడినీళ్ళకి వస్తాడు, ఖాళీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని. ఆయన మొహం చూడకూడదని గిన్నెలోకి చూశాను.

"నీళ్ళు కాగాయా, దోన్యా నేలిదా?"

"కాస్తాను. ఏమీ చెప్పకు."

"నేనేం చెప్పాను? నీళ్ళడిగాను."

"నీ గొంతు ఎలా ఉందో నీకు వినపడదా?"

ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం, పొయ్యి వెలిగించి నీళ్ళు పోసి పెట్టాను. ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వాళ్ళు ఒకటి, మనం సున్నా అని చెప్పకుండానే చెప్పాడు, చూపుడువేలు ఒకటి ఫ్లాస్కు మీద నిలబెట్టి. కొంచెంసేపు నీళ్ళు గుసగుసలాడాయి. అప్పుడు నేను చెప్పేశాను, జిప్పు మూసేశాను వితాస్ అని. ఆయన జీవితంలో చర్చి మెట్టెక్కని మనిషి, ఫ్యాక్టరీ కార్మిక సంఘం జెండా మోసి జైలుకి పోయి వచ్చినవాడు, పిల్లి అడ్డం వస్తే దాన్ని ఎత్తుకుని ముద్దాడేవాడు. ఆయన మొహంలో రక్తం లేదు.

"పూర్తిగానా?"

"చివరికంటా."

"నేను దేవుణ్ణి నమ్మను, మీకు తెలుసు. కానీ జిప్పు వేరే సంగతి." కుర్చీలో కూలబడ్డాడు. "ఫోన్ చేయండి. ఇంకా సగం ఉంది. చేయండి."

బెలేన్ చాలాసేపటికి ఎత్తింది. వెనక డోళ్ళు, ఎవరో ఎవరి తల్లినో తలుచుకుంటున్నారు, దాని గొంతు అందులోంచి ముక్కలుగా వచ్చింది. ఓడిపోతున్నామమ్మమ్మా అంది. తెలుసు అన్నాను. నీకెలా తెలుసు, నువ్వు వినవుగా. అది వదిలెయ్, సంచి ఎక్కడుంది. బస్సులోనే, ఆ తోపులాటలో తీయడం కుదరలేదు. జిప్పు చూశావా. 

"మూసి ఉందా?" అంది. "ఎవరు మూశారు?"

"నేనే."

"అమ్మమ్మా."

"అవును."

"నువ్వా?"

"తిట్టడం తర్వాత. వెళ్ళి తెరువు."

పక్కన ఎవరికో చెబుతున్నట్టుంది, నేలిదా అమ్మమ్మే మూసిందట అని, ఆ మాట జనం కూర్చునే గట్టు మీద ఒకరి నుంచి ఒకరికి పాకడం నాకు ఇక్కడికి వినపడింది, ఎల్బియో, ఎల్బియో ఎక్కడ, తాళాలు వాడి దగ్గరే. ఫోన్ కట్టయింది. వితాస్ ఫ్లాస్కు నింపుకుని గోడ అవతలికి వెళ్ళాడు. కుర్చీ కిర్రుమంది. నేను పందిరి కిందికి వచ్చి గంపా గిన్నే ఒళ్ళోకి లాక్కున్నాను. కాసేపటికి ఫోన్ చిన్నగా అదిరింది, తిప్పి చూశాను, తెరిచాం అని ఉంది, పక్కన ఎర్రగుండె బొమ్మ. ఒక్క ఊపిరి వదిలాను, పొద్దుటి నుంచి దాచిపెట్టుకున్నదేమో అది, పందిరి ఆకులు కూడా కదిలినట్టనిపించింది.

ఇప్పుడు భయం కొంచెం సర్దుకుని కూర్చుంది, పోలేదు, కాళ్ళు ముడుచుకుంది. ఆ సందులోంచి దార్దో, నా భర్త, జ్ఞాపకంలోకి వచ్చాడు. అతను ఎప్పుడూ ఇలాగే వస్తాడు, నేను తేలికపడ్డప్పుడే. ఫ్యాక్టరీ మంచు గదిలో పనిచేసేవాడు, వేసవిలో కూడా చేతులు చల్లగా ఉండేవి, సెలవు రోజున ఆ చేతుల్ని నా మెడ మీద పెట్టి నేను కెవ్వుమంటే నవ్వేవాడు. నేను బడికి పోలేదు, పదమూడో ఏట చీటీల షెడ్డులో చేరాను, అక్షరాలన్నీ డబ్బాల మీదే నేర్చుకున్నాను, ఎద్దు బొమ్మ కింద ఏం రాసుందో నోట్లో పలుక్కుంటూ, ఆ తర్వాత సోమవారం పేపర్లో ఆటల పేజీ. ఆ పేజీని దార్దో వంటింటి బల్ల మీద పరిచేవాడు, నేను వేలు పెట్టి చదవాలి, నేను తప్పు చదివితే అతను ఒప్పుకునేవాడు కాదు, స్కోరు మార్చే హక్కు నీకు లేదు అనేవాడు. ఆటల పేజీ తర్వాత క్లబ్బు లైబ్రరీ. అట్ట ఊడిన నవలలన్నీ అలా చదివాను, బయలుదేరినవాళ్ళ కథలే ఎక్కువ ఉండేవి వాటిలో, చివరి పేజీ ముందు చూసుకుని, తిరిగొస్తారని రూఢి చేసుకుని అప్పుడు మొదలుపెట్టేదాన్ని. ఇప్పటికీ అంతే.

దార్దో వెళ్ళిన ఏడాది కూడా సలదేరో పట్టిక అడుగున ఉంది. శీతాకాలం మొదట్లో సంఘంవాళ్ళ ఇళ్ళకి సైన్యం యూనిఫారాలు రావడం మొదలైంది, వితాస్‌ని అప్పటికే తీసుకుపోయారు. సంఘం మనిషే అయిన దార్దో నదికి అవతలి ఒడ్డున ఉన్న పక్క దేశానికి వెళ్ళి అత్తకొడుకు ఇంట్లో కొన్నాళ్ళుండి, గొడవ చల్లారాక రావాలని అనుకున్నారు. నాతో అతను అన్నది మాత్రం, చివరి మ్యాచులకి వచ్చేస్తా, అప్పటికి మనం కిందికి పోకుండా నువ్వు చూసుకో. మిర్తాకి నాలుగేళ్ళు, ఆ మాట నమ్మి పై వరస గట్టు మీద నాన్నకి చోటు పట్టుకుంటానంది. అతని సంచి తోలుది, బిగించే పట్టీలు రెండు. రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను, ఉన్ని మేజోళ్ళు, మెంబ్రీయో మిఠాయి పలక ఒకటి. మెడకి చుట్టుకునే క్లబ్బు గుడ్డని వద్దన్నాడు, ఎవరైనా చూస్తే ఏ పేట మనిషో తెలిసిపోతుందని, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి తీసుకుని అడుగున పెట్టుకున్నాడు. బిగించింది నేనే. కొలోనియా దాకా బస్సులో వెంటవెళ్ళాను. నది మీంచి గాలి, స్టీమరు పొగ, అతని చేతులు ఎప్పటిలాగే చల్లగా. అక్కడ వంటిల్లు లేదు, ఎక్కడికి పోను, చివరిదాకా చూడక తప్పలేదు. ఆ ఏడాది సలదేరో కిందికి పోలేదు. ఆఖరి మ్యాచ్‌లో పై వరస గట్టు మీద మిర్తా తన కోటు పరిచి కూర్చుంది, ఎవరైనా కూర్చోబోతే, మా నాన్నది అని చెప్పేది.

గోడ మీద చెప్పు పడింది.

ఒక్క దెబ్బ. గిన్నె ఒళ్ళోంచి జారి గింజలు నేలంతా దొర్లాయి. వెంటనే ఇంకో దెబ్బ, ఇంకోటి, వితాస్ ఒప్పందం మర్చిపోయి గోడని చితక్కొడుతున్నాడు, రెండు గోల్స్ కొట్టారా అనుకున్నాను, లేదు, ఒక్కటే, సంతోషం పట్టక కొడుతున్నాడు. కింద వీధిలో ఎవరో గిన్నె మీద గరిటె మోగించారు, ఎవరో కుళాయి కట్టేయమని అరిచారు, కుళాయి శబ్దం కూడా శకునమే ఈ పేటలో. నేను నేల మీద కూర్చుని గింజలు ఏరసాగాను. వాళ్ళు ఒకటి, మనం ఒకటి. అలాగే ఉండు, ఇంకేమీ వద్దు, గెలవొద్దు, ఎవరూ గొప్పవాళ్ళు కావొద్దు, ఎవరినీ ఎవరూ కొనుక్కుపోవొద్దు, ఇలాగే ఉండండి చాలు. ప్రతి గింజనీ తుడిచి గిన్నెలో వేశాను. ఒక్కటి కూడా వదలకూడదని ఎందుకనుకున్నానో, నేలంతా చేత్తో తడిమాను, గచ్చు చల్లగా ఉంది. గోడ అవతల దగ్గు వినపడింది. కుర్చీ కిర్రుమంది. మంచి నిశ్శబ్దం, ఏమీ జరగని నిశ్శబ్దం, ఇంత మంచి దగ్గు నేను నా జన్మలో వినలేదు.

తర్వాత కారు హారన్లు, ఒకటి, నాలుగు, ఇంక లెక్కలేదు, క్లబ్బు దగ్గర టపాకాయలు, ఫ్యాక్టరీ గోడకి తగిలి రెట్టింపై వచ్చాయి. వితాస్ వెనక తలుపు తోసుకుని వచ్చి నా పక్కనే గచ్చు మీద కూర్చున్నాడు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఎలా లేస్తాడో. చేతిలో ఇంకా ఆ చెప్పు ఉంది. ఉన్నాం దోన్యా నేలిదా అన్నాడు. ఉన్నాం అన్నాను.  జిప్పు తెరిచిన తర్వాతే కొట్టారు, నేను టైము చూశాను అన్నాడు తర్వాత, గంభీరంగా, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. మిర్తా ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది, వార్డులో రోగులంతా లేచి కూర్చున్నారని, ఒకాయన సెలైన్ సీసా ఊపాడని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, బెలేన్ బయలుదేరిందా అని అడిగింది, చిన్నప్పుడు కోటు పరిచినప్పటి గొంతుతోనే. బయలుదేరి ఉంటుందిలే అన్నాను నేను, ధైర్యంగా.

క్లబ్బు సంగతి తేలిపోయింది, నా సంగతి ఇంకా తేలలేదు. వితాస్ క్లబ్బుకి వెళ్ళాడు, నన్నూ రమ్మన్నాడు, చిక్కుడుగింజలు పొయ్యి మీద ఉన్నాయన్నాను. గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. అఖాతం అవతల నగరం మీద వెలుతురు గులాబీ రంగులోకి తిరిగింది, కొండ కింది నుంచి ఒక్కో బస్సూ పైకి వస్తోంది, అదీ కాదు, ఇదీ కాదు. అవతలి ఒడ్డు కనపడుతుందా అని అడిగింది కదా, చూడ్డానికి రేవు దాకా వెళ్ళిందేమో. రేవులో మెట్లు పాచిపట్టి ఉంటాయి. వెళితే వెళ్ళింది, స్టీమరెక్కి పోతుందా ఏమిటి, ఫోన్ చేయొచ్చు, చేస్తే ఎత్తకపోతే, అందుకే చేయలేదు. లోపలికి వెళ్ళి గింజలు కలిపాను. ఉప్పు వేశాను. వేశానో లేదో గుర్తు రాక మళ్ళీ కొంచెం వేశాను.

డోళ్ళు ముందు వినపడ్డాయి, తర్వాత బస్సు. ఎల్బియో హారన్ నొక్కిన చెయ్యి తీయకుండా వాలెక్కాడు, కిటికీల్లోంచి నడుముల దాకా బయటికొచ్చి పాడుతున్నారు. బెలేన్ దిగింది. మొహం ఎండకి కమిలిపోయి, గొంతు పోయి, జెండా భుజాల మీద శాలువాలా కప్పుకుని, దాని కింద ఉన్ని స్వెట్టరు వేసుకుని ఉంది, ఆ స్వెట్టరు చూశాకే గుమ్మం దిగాను. నన్ను పట్టుకుని ఊపేసింది. చలేసిందమ్మమ్మా అంది గొంతు లేని గొంతుతో, అక్కడ నది మీంచి గాలి వస్తుంది. అవునా అన్నాను. సంచి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. చూశాను. జిప్పు మూసి ఉంది, చివరికంటా.

"వచ్చేటప్పుడు మూశావా?"

బెలేన్ కుర్చీలో కూర్చుని బూటు విప్పుతూ తల ఎత్తలేదు. "మ్యాచ్ అయ్యేదాకా తెరవలేదమ్మమ్మా. ఎల్బియో తాళాలు లోపలే మర్చిపోయి బస్సు లాక్ చేశాడు. మ్యాచ్ అయ్యాక కిటికీ ఊడదీసి ఎక్కాం."

"మరి తెరిచామన్నావు?"

"నువ్వు ఊపిరి తీసుకోవాలి కదా." రెండో బూటు విప్పింది. "స్వెట్టరూ జెండా తీసి మళ్ళీ నేనే మూశాను. చేతికి అదే అలవాటుగా వచ్చింది, నీలాగే."

అంటే గోల్ కొట్టినప్పుడు మూసే ఉంది. పొయ్యి మీద గింజలు ఉడుకుతున్నాయి, వీధిలో వితాస్ ఎవరికో చెబుతున్నాడు, జిప్పు తెరిచిన మరుక్షణమే కొట్టారని, నేను టైము చూశానని. ఈ మాట బయట ఎవరితోనూ అనకు అన్నాను, వచ్చే ఏడాదికి వాళ్ళకి ఆ జిప్పు కావాలి. నేనెందుకంటాను, ఎల్బియో కూడా అనడు, వాడికి ప్రాణం మీద తీపి ఉంది అంది, నవ్వబోతే గొంతు పెగల్లేదు. ఆకలి అంది. పళ్ళెం పెట్టాను. ఉప్పు ఎక్కువైంది, అది గమనించకుండానే తింటోంది, మోచేతులు రెండూ బల్ల మీద పెట్టి.

సంచి నా వైపుకి లాక్కున్నాను. ఇత్తడి ముక్క పట్టుకుని మెల్లగా లాగాను, ఎక్కడా ఇరుక్కోలేదు, సాఫీగా వచ్చింది. రొట్టెలు చుట్టిన గుడ్డ ఖాళీగా, నూనె మరకలతో. ఫ్లాస్కు తేలికగా ఉంది. మాతే ఆకు ఒలికి అడుగంతా పచ్చగా రాలింది. మెంబ్రీయో మిఠాయిలో సగం మిగిలింది, కాగితం మీద పంటిగాటు. గుర్తింపు కార్డు లోపలి జేబులోనే ఉంది, తడిమి చూశాను, మళ్ళీ చూడలేదు. మేజోళ్ళు రెండు జతలూ మడత విప్పకుండా, నేను పెట్టినట్టే, చెరోపక్కనా. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాను. మూసిన సంచి వెళ్ళింది, మూసిన సంచి వచ్చింది, సలదేరో పైడివిజన్‌లో ఉంది, పిల్ల భోంచేస్తోంది.

దార్దో 1976 జూన్ నెల మొదటి ఆదివారం కొలోనియాలో స్టీమరెక్కాడు. తిరిగి రాలేదు.